లెక్క చెప్పని అవ్వ

పోయిన వారం ఒకరోజు పొద్దున్నే నా ఫోన్‌కు ఒక గొంతు రికార్డు వచ్చింది. ఒక ఆడమనిషి వరసగా పేర్లు పిలుస్తోంది. "చుక్క, నల్లకన్ను, మొండిచెవి, పెద్దబొల్లి, చిన్నబొల్లి, కుంటిదాని పిల్ల..." మధ్యలో కోడి కూసింది. ఎవరో దగ్గారు. పేర్లు మాత్రం ఆగలేదు. అవి గొర్రెల పేర్లు. పిలిచే తీరు అచ్చం అవ్వదే గానీ గొంతు అవ్వది కాదు.

వెంటనే ఫోన్ చేస్తే అవ్వ కోడలు ఎత్తింది.

"అత్త పోయింది మేడం, ఎండకాలంల. కృష్ణ ఒడ్డుకు మందను తోలుకపోయి వచ్చినంక జరమొచ్చింది. నాలుగొద్దులే ఉన్నది."

తర్వాత ఆమే అంది: "ఈ యేడు సూదులకు నేనే పిలిచిన మేడం. సరిగ్గ పిలిచిన్నో లేదో జర ఇని చెప్పురి."

వింటానన్నాను. ఆ రోజు వినలేకపోయాను.

వాళ్లది అచ్చంపేట దాటాక అడవి అంచున ఉండే చిన్న ఊరు. గొర్రెలు కాసే ఇళ్లు పన్నెండు. ఊరి పేరు చెప్పను, చెప్పినా మీరు పటంలో వెతుక్కోవాల్సిందే. అవ్వ పేరూ చెప్పను. నేను ఆమెను ఎన్నడూ పేరుతో పిలవలేదు. ఆ పేరు నా కాగితాల్లో ఉంది, కానీ ఆ కాగితాల్లో ఆమె గురించి నేను రాసిందంతా తప్పు.

నాది నార్కట్‌పల్లి. మా నాయిన జంక్షన్‌లో లారీ టైర్లకు పంచర్లు వేసేవాడు. నేను కంప్యూటర్ డిగ్రీ చేసి, పల్లెల్లో జనానికి ఫోన్‌లో ఏఐ వాడటం నేర్పే ఒక సంస్థలో చేరాను. పనిలో దిగేముందు పట్నంలో పది రోజులు శిక్షణ ఇచ్చారు. పాఠం చెప్పినాయన తెర మీద ఒక బొమ్మ చూపించాడు. ఒకవైపు నగరం, ఒకవైపు పల్లె, మధ్యలో పెద్ద గుంత. "ఈ గుంత పూడ్చడమే మీ పని" అన్నాడు. నేను బుద్ధిగా రాసుకున్నాను. నా మాటల్లో ఒక 'గిట్ల', ఒక 'గట్ల' దొర్లితే పక్క కుర్చీల వాళ్లు ముసిముసిగా నవ్వేవాళ్లు. అందుకని ఆ పది రోజుల్లో నా నాలుకను కూడా దిద్దుకున్నాను.

నాలుగేళ్ల కిందట అవ్వ ఊళ్లో మొదటి క్లాసు బడి వరండాలో పెట్టాం. ఆడవాళ్లంతా చాప మీద సర్దుకుని కూర్చున్నాక ఆమె వచ్చింది. మిట్టమధ్యాహ్నం కూడా భుజాన గొంగడి, చేతిలో కర్ర. చాప మీదికి రమ్మంటే రాలేదు. "ఈడ్నుంచి మంద కనపడ్తది" అని మెట్టు మీదే కూర్చుంది. అప్పటి నుంచి ఎప్పుడు వెళ్లినా ఆమె చోటు ఆ మెట్టే. సగం చూపు నా మీద, సగం చూపు ఎదురుగా ఉన్న గుట్ట మీద.

నా దగ్గర ఒక ఫారం ఉండేది. మనిషిని నాలుగు ప్రశ్నలు అడిగి, నైపుణ్యం ఏ స్థాయో రాయాలి.

"మేడం అంటే నా నోరు తిరుగది, బిడ్డా అంట. ఏమన్న అనుకుంటవా?" అని అవ్వ ముందే ఖరారు చేసుకుంది.

ఏమీ అనుకోనని చెప్పి మొదటి ప్రశ్న అడిగాను. "చదువుకున్నారా?"

"లే."

"ఫోన్ వాడతారా?"

"కొడుకు కలిపిస్తె మాట్లాడ్త."

"ఎప్పుడైనా యంత్రంతో మాట్లాడారా?"

"మాట్లాడకేం. బోరు మోటరు మొండికేస్తె తిడ్త."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆమె పేరు పక్కన స్థాయి దగ్గర సున్నా చుట్టాను.

"ఏం రాసినవ్ బిడ్డా?"

"ఇప్పుడే మొదలు అని రాశాను అవ్వా."

"మంచిదే" అంది.

ఆ అబద్ధం ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది.

ఫోన్ చేతికిస్తే మిగతా ఆడవాళ్లు ఒకరికొకరు జరుపుకునేవాళ్లు. ఎక్కడ నొక్కితే ఏమవుతుందో అని వాళ్ల భయం. అవ్వకు ఆ భయం లేదు. ముందు కొంగుతో ఫోన్‌ను తుడిచేది. "దీని చెవులు సాపుగుండాలె" అనేది. తర్వాత దాన్ని అరచేతిలో పెట్టుకుని, గొంతు సవరించుకుని అడిగేది. అందులోంచి ఆడగొంతు పలికేది కాబట్టి దానికి 'గా పిల్ల' అని పేరు పెట్టింది. అడగడం అయిపోగానే ఫోన్‌ను బోర్లించి, "ఇగ పండుకో" అనేది.

"అడిగెటోనికి చెప్పెటోడు లోకువ. మనం అడిగెటోళ్లం, చెప్పేది అది. మరి మనకేంది బుగులు?" అని చాప మీద వాళ్లను దబాయించేది.

ఆమె మొదట అడిగింది ఏమిటో నాకు బాగా గుర్తు. గొర్రె పండ్లు చూసి దాని ఈడు ఎట్లా చెప్పాలి అని. పుట్టినప్పటి నుంచీ గొర్రెల నోళ్లు తెరిచి చూస్తున్న మనిషి ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో నాకు అర్థం కాలేదు.

"నీకు తెలుసు కదా అవ్వా?"

"నాకు తెల్సు. దానికి తెల్సో లేదో చూడొద్దా? కొత్త మనిషిని ముందుగాల మనకు తెల్సిందే అడగాలె బిడ్డా. గది నిజం చెప్తె, అప్పుడు తెల్వనిది అడగాలె. గది గూడ ఒక్కసారి అడిగి ఊకోవద్దు. అటు తిప్పి ఇటు తిప్పి మూడుమార్లు అడగాలె. కతలు పడెటోడు మూడోసారి దొరుకుతడు."

ఏఐ చెప్పిందల్లా నమ్మొద్దని, సరిచూసుకోవాలని మాకు చెప్పడానికి పట్నంలో ఒకటిన్నర రోజు పట్టింది. అవ్వ మడమలో ముల్లు తీసుకుంటూ చెప్పేసింది.

పండ్ల సంగతి గా పిల్ల సరిగ్గానే చెప్పింది. ఈనే ముందు గొర్రె మందలోంచి ఎందుకు పక్కకు పోతుందని అడిగితే మాత్రం చాలాసేపు ఏదేదో చెప్పింది. అవ్వ చివరిదాకా ఓపికగా విని, "చదువుకున్నది. మందల మాత్రం పండుకోలే" అని తేల్చింది. ఆమె మాట అర్థం కాక అది క్షమించమని అడిగినప్పుడు కొత్త కోడలికి చెప్పినట్టు చెప్పేది: "ఏం కాదు బిడ్డా, మెల్లగ నేర్చుకుంటవ్." నేర్చుకోవాల్సింది తాను కూడా అన్న అనుమానం ఆమెకు రాలేదు. రానక్కర లేదని తర్వాత నాకు తెలిసింది.

మంద సంగతి ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు. "ఎన్ని ఉన్నయి అవ్వా?" అంటే "ఉన్నకాడికి ఉన్నయి." అది ఆమె మాట తీరు అనుకున్నాను.

ఆ ఊరి గొర్రెలకు చిటుకు రోగం శాపం. తొలకరి పడి లేతగడ్డి మొలవగానే వస్తుంది. "పొద్దుగాల మేసింది, నీళ్లు తాగింది. పగటాల్లకు కాళ్లు కొట్టుకుంట పడ్డది. చిటుకంటె గింతే" అని అవ్వ చిటికె వేసి చూపించేది. అంతకు ముందటి యేడు ఆమె మందలో కొన్ని అలాగే పోయాయి. అందులో చుక్క అనే గొర్రె ఉందట. నుదుట తెల్లచుక్క. ఎన్ని పోయాయని అడిగాను. "పోయినకాడికి పోయినయి" అంది.

వానకు ముందే సూదులు వేస్తే ఆ రోగం రాదు. కానీ ఆ ఊరికి సూదిమందు ఎప్పుడూ సరిపడా అందేది కాదు. ఎవరో కంటి అంచనాతో జాబితా రాసేవారు, ఆ అంచనా ఎప్పుడూ తక్కువే. "పెద్దూర్లకు పోయినంక అడుగుకు మిగిలింది మాకు" అనేది అవ్వ. ఆ యేడు మా సంస్థ పశువుల దవాఖానతో మాట్లాడుకుని కొత్త ఏర్పాటు చేసింది. ఏ ఇంట్లో ఎన్ని జీవాలున్నాయో ఫోన్‌కు నోటితో చెబితే చాలు, అదే కూడి పంపుతుంది. చదువు అక్కర లేదు, ఎవరి ముందూ నిలబడక్కర లేదు.

"ఈపారన్న నిజంగ వస్తయా బిడ్డా?"

"వస్తాయి అవ్వా. ఫోన్‌లో చెప్పు చాలు, మిగతాదానికి నాది పూచీ."

పన్నెండు ఇళ్లూ ఒక్క పూటలో చెప్పేశాయి. నేను పొంగిపోయాను. అవ్వ చేతిలో ఫోన్ పట్టుకున్న ఫొటో తీసి పట్నానికి పంపాను. అక్కడి నుంచి మెచ్చుకోళ్లు వచ్చాయి. ఇళ్లన్నీ ఇరవై ఇరవై అని చెప్పడం నాకు కనబడనే లేదు. చూసింది పశువుల దవాఖాన కాంపౌండర్. మూడో రోజు ఫోన్ చేశాడు.

"మేడం, ఆ ఊరికి రెండు వందల నలభయ్యేనా? నిరుడు ఆ ఊరి మంద రోడ్డు దాటుతుంటె నా బండి పావుగంట ఆగింది."

"వాళ్లే చెప్పారు సార్."

"వాళ్లు లెక్క చెప్పరు మేడం. జీవాల లెక్క నోటితోని చెప్తె దిష్టి తగుల్తదని వాళ్ల పట్టింపు. మీకు తెల్వదా? రేపు పొద్దుగాల పదింటికి జాబితా పోతది. మల్ల మందు వచ్చేసరికి వానకాలం ఐపోతది."

నాకు తెలియదు. గుంత పూడ్చడానికి వచ్చిన దాన్ని, నా కాళ్ల ముందరి గుంత చూసుకోలేదు. ఉన్నపళంగా బస్సెక్కి, ఆటో పట్టుకుని వెళ్లేసరికి మందలు తిరిగి వస్తున్నాయి. ఊరి బాట నిండా గొర్రెలే, దుమ్మే. అవ్వ దొడ్డి వాకిట్లో నిలబడి ఉంది.

"అవ్వా, ఇరవై అని అబద్ధం ఎందుకు చెప్పినవ్?"

"అబద్ధమేడిది? ఇరవై లేవా? ఉన్నయి. ఆ మీద ఉన్నయి ఉన్నకాడికి ఉన్నయి."

"ఇరవై అంటె ఇరవై సూదులే వస్తయి గదనే. గంతకు మించి రావు. మిగిలినయిటిని ఏం చేస్తవ్? మల్ల చిటుకొస్తె ఎవలను అడుగుతవ్? వస్తయని నేను చెప్పిన, నా మొకం ఏడ పెట్టుకోవాలె?"

కోపంలో నా నార్కట్‌పల్లి మాట కట్ట తెంచుకుని వచ్చేసింది. అవ్వ నా వైపు వింతగా చూసింది.

"ఇగో, ఇప్పుడు మనిషి తీరుగ మాట్లాడుతున్నవ్" అంది.

కర్రతో నేల మీద గీస్తూ నిలబడింది. ఆమె ముఖంలో మొదటిసారి బెదురు చూశాను. లెక్క చెబితే మందకు కీడు, చెప్పకపోతే మందకు చావు. రెండింటి మధ్య ఆ పెద్దమనిషిని నిలబెట్టింది నేనే.

"లెక్క నా నోట రాదు బిడ్డా" అంది చివరికి. "మా అత్త చెప్పలే, నేను చెప్ప. పిలువుమంటె పిలుస్త."

"పిలిస్తె?"

"దొడ్లకు తోలినంక రోజు పిలుస్త గద, ఎవ్వతి రాలేదో తెల్వాలంటె. ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి పిలుస్త. లెక్క కావాల్సినోళ్లు లెక్క పెట్టుకోవాలె. అది నా పని గాదు."

నేను ఫోన్ తీశాను. పేర్లు వింటూ పో, అయ్యాక ఎన్నో చెప్పు అని గా పిల్లతో అన్నాను. అంత తేలికైన మాట నాకు ముందే ఎందుకు తోచలేదో ఇప్పటికీ అర్థం కాదు. ఫారంలో 'ఎన్ని' అని ఉంది కాబట్టి నేను ఎన్ని అనే అడిగాను.

అవ్వ ఒక గంపను బోర్లించి, ఫోన్‌ను కొంగుతో తుడిచి దాని మీద పెట్టింది. దొడ్డి తడికకు ఆనుకుని పిలవడం మొదలుపెట్టింది. పేరు పిలవగానే కొన్ని తలలు లేచేవి, కొన్ని పట్టించుకోక నెమరేసేవి. తల్లి, దాని వెనక పిల్ల, తర్వాత దాని అక్క. తడబాటు లేదు, తొందర లేదు. చివరి పేరు అవగానే గా పిల్ల ఉత్సాహంగా, "మీరు మొత్తం..." అని అందుకుంది. నేను గబుక్కున అరచేత్తో దాని నోరు మూశాను. అవ్వ పక్కకు తిరిగి తూ తూ అని ఉమ్మి, "దాని నోటికి తాళమెయ్యి బిడ్డా" అంది. ఆ అంకె తెర మీద నేనొక్కదాన్నే చూశాను. ఇక్కడ కూడా రాయను.

మిగతా ఇళ్ల వాళ్లు చుట్టూ మూగి చూస్తున్నారు. ఒకాయనకు అనుమానం వచ్చింది. "పేర్లు చెప్తె మాత్రం ఫోన్ దిష్టి తగలదా అవ్వా?"

"గా పిల్లకు చెవులే గని కండ్లు లెవ్వు. చెవులతోని దిష్టి ఎట్ల తగుల్తదిరా?"

అంతే. దీపాలు పెట్టే వేళకు పన్నెండు దొడ్లూ పిలిచాయి. జాబితా మారిపోయింది.

సూదులు వేసే రోజు కాంపౌండర్ దొడ్డి వాకిట్లో కూర్చుని, ఒక్కోదానికి సూది వేసి బయటికి వదిలాడు. అవ్వ దొడ్డి అయ్యాక కాగితం చూసి మొహం చిట్లించాడు. "మేడం, కాగితంల కంటె జీవం ఒకటి తక్కువొచ్చింది. లెక్క చెప్పకపోతె ఒక బాధ, పిలిస్తె ఇంకో బాధనా?"

లోపల ఇంకోటి ఉందేమోనని చూశాను. దొడ్డి ఖాళీ. అవ్వను పక్కకు పిలిచి, చెవిలో అడిగాను.

"ఒకటి ఎక్కువ పిలిచినవా అవ్వా?"

"చుక్క" అంది.

"చుక్క సచ్చిపోయింది గద."

"పోయింది. పిలువంగనే ముందుగాల తల ఎత్తేది గదే. దాన్ని ఇడిసి ఎట్ల పిలుస్త?" అని, కొంచెం ఆగి, "దాని సూది అప్పుడు రాలే. ఇప్పుడొచ్చింది" అంది.

నేను కాంపౌండర్ దగ్గరికి వెళ్లి, లెక్క సరిగ్గానే ఉందని చెప్పాను. ఆయన నన్ను, అవ్వను మార్చి మార్చి చూసి, ఏమనుకున్నాడో సంతకం పెట్టాడు. ఆ వానలకు చుట్టుపక్కల ఊళ్లలో చిటుకు వచ్చింది. అవ్వ ఊళ్లో ఒక్క జీవమూ పడలేదు.

ఆ సంగతి పట్నం సమావేశంలో చెప్పాను, నా నార్కట్‌పల్లి మాటతోనే చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా ఆగేదాన్ని కాదు. అందరికన్నా వెనక కూర్చున్న ఇంజనీరు అమ్మాయి లేచి, "అంటే మనం అడగాల్సింది ఎన్ని అని కాదన్నమాట" అంది. నెల తిరక్కుండా గొర్రెల ఊళ్లన్నింటికీ ప్రశ్న మార్చేసింది. 'ఎన్ని ఉన్నాయి' పోయి 'పిలవండి, వింటాను' వచ్చింది. కొల్లాపూర్ దిక్కు ఊళ్లలో కూడా ఇప్పుడు అలాగే చేస్తున్నారు. ఇది ఎవరు నేర్పారని అక్కడ అడిగితే పట్నం వాళ్లని చెబుతారు. నేను వెళ్లిన చోటల్లా దిద్దుతున్నాను.

దిద్దలేకపోయింది ఒక్కటే. అవ్వ పేరు పక్కన నేను చుట్టిన సున్నా. ఒకసారి పంపిన ఫారం మార్చడానికి వీల్లేదట. ఎన్నిసార్లు రాసినా అదే జవాబు. ఆ సంగతి అవ్వకు చెప్పి, అబద్ధమాడినందుకు క్షమించమన్నాను. మెట్టు మీద కూర్చుని గుట్ట వైపు చూస్తూ విన్నది.

"సున్న పెట్టినవా? పోనీ తియ్. నా లెక్క గూడ ఎవ్వలకు తెల్వదన్నట్టు. మంచిదే అయ్యింది" అంది.

నిన్న సాయంత్రం ధైర్యం చేసుకుని కోడలి రికార్డు విన్నాను. గా పిల్ల ఒక అంకె చూపించింది. నేను మళ్లీ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ విన్నాను. అంకె సరిపోయింది. కానీ మొదటి పేరు చుక్క, ఆ రోజు నాకు తట్టనే లేదు. కోడలికి ఫోన్ చేశాను.

"చుక్క పోయి ఐదేండ్లాయె గద. ఎందుకు పిలిచినవమ్మా?"

"తెల్సు మేడం. తీసేసి పిలుద్దామని మస్తు చూసిన. అత్త పిలిచేది ఇని ఇని నేర్చుకున్న గద, చుక్కను పిలువకపోతె రెండోది నోటికి వస్తలేదు. ఒకటి ఎక్కువైతదా? మల్ల పిలువన్నా?"

"వద్దు. సరిగ్గనే పిలిచినవ్" అన్నాను.

ఆ అంకెను అలాగే పంపించాను. పంపాక ఫోన్‌ను నా చున్నీతో ఒకసారి తుడిచి, బల్ల మీద బోర్లించి పెట్టాను.